పొట్టకడియం

"ఆ పేరు మళ్ళీ ఒక్కసారి చెప్పండి," అంది డాక్టర్ వకుళ, చేతిలోని టార్చిలైటు కదలనివ్వకుండా.

నర్సు తలాపు దగ్గర వంగి రోగి చెవిలో చెప్పింది. "దాలయ్య."

అంతే. ఆ రోగి పొట్టమీద నిమ్మకాయ పట్టేంత రంధ్రం ఉంది. దానిలోంచి చూస్తే జీర్ణాశయం లోపలి గోడ కనిపిస్తుంది. అప్పటిదాకా అది లేత గులాబీ రంగులో, తడిగా, ముడతలు పడి, నిద్రపోతున్నట్టు ఉంది. పేరు చెవిన పడగానే ముద్దమందారంలా ఎర్రబడి ఉబ్బింది. గోడంతా చెమట పట్టినట్టు చుక్కలు చుక్కలుగా రసం ఊరింది. పక్కనే ఉన్న యంత్రంలో ఆసిడ్‌కి ఒక ముల్లు, అయొడైడ్‌కి ఒక ముల్లు. రెండూ ఒకదాని వెనక ఒకటి లేచి నిలబడ్డాయి.

"సరే. ఇప్పుడు రెండోది చెప్పండి."

నర్సు మళ్ళీ వంగింది. "మత్తు లేకుండా కుట్లు విప్పుతారట."

మందారం కాస్తా సున్నం కొట్టిన గోడ అయిపోయింది. తెల్లగా పాలిపోయింది. ముళ్ళు రెండూ అడుక్కి పడిపోయాయి. వకుళ గబగబా రాసుకుంది.

"డాట్రమ్మా," అన్నాడు రోగి, "పావుగంట నుంచి నా పొట్టలోకి లైటేసి సూత్తన్నావు. ఏటాడతంది లోపల, సినిమాయా?"

"మీ కోపం చూస్తున్నానండీ."

"నన్నడిగితే నానే సెప్పీవోణ్ణి గదా. దానికి టార్సిలైటెందుకు?"

ఈ మాట అన్నవాడు ఎల్లాజీ. ఊరు కొత్తరేవు. మనకింకా రాని కాలం అది, కానీ కథ చెప్పాలి కాబట్టి అయిపోయినట్టే చెబుతాను.

కొత్తరేవులో రెండు పేటలుండేవి. సముద్రం వైపు రేవుపేట, అక్కడ పడవలవాళ్ళు. లోపలివైపు కొఠార్లపేట, అక్కడ ఉప్పు పండించేవాళ్ళు. మధ్యలో ఒకే ఒక సముద్రపు కాలువ. ఉప్పు వాళ్ళకి మళ్ళలో నీళ్ళు నిలబడాలి, అందుకని కాలువకి అడ్డంగా గట్టు వేస్తారు. పడవల వాళ్ళకి కాలువ తెరిచి ఉండాలి, అందుకని గట్టు తవ్వేస్తారు. వేయడం, తవ్వడం, మధ్యలో తలకాయలు పగలడం. ఏటా ఇదే పని. తెడ్లు విరిగేవి, గునపాలు దిగేవి. ఒకసారైతే కాలువలో నీళ్ళు సాయంత్రం దాకా ఎర్రగానే పారాయిట. మావిడికాయ తరిగినట్టు వేళ్ళు తరిగేసుకున్నారు, గట్టుమీద ఏరితే దోసెడు దొరికాయని పెద్దాసుపత్రి వాళ్ళే చెప్పేవారు.

ఆఖరి గొడవలో ఎల్లాజీ తమ్ముడు నరిసిని దాలయ్య చంపాడు. ఉప్పు బస్తాలు ఎత్తే ఇనపకొక్కెం ఉంటుంది చూశారూ, వంకరగా, పిడి చెక్కది, దానితో మెడకింద ఒక్క లాగు. నరిసి నీళ్ళలో పడి, లేవబోయి, మళ్ళీ పడ్డాడు. తమ్ముణ్ణి ఎత్తడానికి ఎల్లాజీ వంగాడు. అదే కొక్కెం ఎల్లాజీ పొట్టలో దిగింది. దిగి ఊరుకోలేదు, తిరిగింది. చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో తమ్ముడి శవాన్ని ఒడ్డుకి లాక్కొచ్చి, అప్పుడు పడిపోయాడు. మనిషంటే అలా ఉండాలని రేవుపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

వకుళ కుట్టింది. బతికాడు. కానీ ఒకచోట గాయం మూసుకోలేదు, కిటికీలా నిలిచిపోయింది. రెండో ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకునేదాకా మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలూ వకుళ ఆ కిటికీలోకి చూసింది.

ఆవిడ ఏం కనిపెట్టిందో చెబుతాను, వినండి, కష్టం ఏమీ లేదు. జీర్ణాశయంలో ఆసిడ్ ఊరుతుందని మనందరికీ తెలుసు. బళ్ళో చదివాం, మిరపకాయ బజ్జీలు ఎక్కువైన రోజు అనుభవించాం కూడా. కానీ అది అయొడైడ్ కూడా ఊరిస్తుందని చాలామందికి తెలీదు. ఉప్పు పాకెట్టు మీద అయొడిన్ అని రాసి ఉంటుందే, దాని తాలూకుదే అది. మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి దాన్ని రక్తంలోంచి లాక్కుంటుంది. జీర్ణాశయమూ లాక్కుంటుంది. ఎందుకో గాని, రక్తంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు చిక్కగా తోడి లోపలికి వదుల్తుంది. తరవాత పేగులు దాన్ని మళ్ళీ రక్తంలోకే పంపేస్తాయి.

ఎంత ఊరుతుందనేది రెండు సంగతుల మీద ఉంటుంది. కాలువకి అడ్డంగా వల కట్టారనుకోండి. వలలో ఎన్ని చేపలు పడతాయి? కాలువలో నీళ్ళు ఎంత జోరుగా పారుతున్నాయనేది ఒకటి, ఆ నీళ్ళలో చేప ఎంత ఉందనేది ఇంకొకటి. ఇక్కడ కాలువ అంటే జీర్ణాశయం గోడలో పారే రక్తం, చేప అంటే అయొడైడ్. కోపం వస్తే ఆ గోడకి రక్తం ఉరుకుతుంది, అయొడైడ్ ఎక్కువ పడుతుంది. భయమేస్తే రక్తం వెనక్కి పోతుంది, వల ఖాళీ.

"అయితే మనిషి కత్తి ఎత్తకముందే వాడి పొట్టకి తెలుస్తుంది," అనుకుంది వకుళ. మొహం నవ్వొచ్చు, నోరు అబద్ధం ఆడొచ్చు. జీర్ణాశయానికి నటన రాదు.

అలా పుట్టింది యంత్రం. పెసరగింజంత గోళీ. సన్నటి గొట్టంతో గొంతులోంచి దింపి జీర్ణాశయం గోడకి అంటిస్తారు. అది ఊరే రసాన్ని అక్కడికక్కడే కొలిచి, చేతికి తొడిగిన కడియాలకి చెబుతుంది. కడియం మీద అంకె కనిపిస్తుంది. ఎనభై లోపు పచ్చ. దాటితే ఎరుపు. ఎర్రబడగానే కడియంలోంచి ఒక కరెంటు నరంలోకి పోతుంది, చేతులు రెండూ భుజాల దాకా చచ్చుబడతాయి. పది నిమిషాలు. నొప్పి ఏమీ లేదు, పత్తిమూటల్లా వేలాడతాయి, అంతే. సర్కారు దానికి ఇంగ్లీషులో ఓ బారెడు పేరు పెట్టింది. జనం పొట్టకడియం అన్నారు.

మొదటి నెల నవ్వుల పాలైంది. అప్పుడు ఆసిడ్‌ని, అయొడైడ్‌ని రెండిటినీ కలిపి లెక్క కట్టేవారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి చేపల వేపుడు కొట్టు ముందునుంచి వెళ్ళే జనం చేతులు వేలాడేసుకుని నిలబడిపోయేవారు. ఆకలికీ ఆసిడ్ ఊరుతుంది కదా మరి. సైకిళ్ళమీద వెళ్ళేవాళ్ళు పడ్డారు. మంగలి ఒకతను పక్కింటి పులుసు వాసనకి కత్తి కస్టమరు ఒళ్ళో పారేసుకున్నాడు.

శాంతి బోర్డు చైర్మన్ కామేశంగారు వకుళని పిలిపించారు. "అమ్మా, భోజనానికి కూచుంటే ముద్ద నోటిదాకా రావట్లేదు. మా ఆవిడ కలిపి పెడుతోంది. ఈ వయసులో ఇది నాకేం బాగుందమ్మా? ఆ ఆసిడ్ తీసేయండి."

"రెండూ ఉంటేనే నిజం తెలుస్తుందండీ. ఆకలి వేరు, కోపం వేరు. దేని ముల్లు ముందు లేచిందో చూసి పోల్చుకునేలా సర్దుతాను. ఒక ఏడాది టైమివ్వండి."

"ఏడాదిలో ఎన్ని తలకాయలు పోతాయో మీకు తెలుసు. అయొడైడ్ ఒక్కటీ చాలదూ?"

"చాలదండీ. రక్తంలో అయొడైడ్ అందరికీ ఒకేలా ఉండాలిగా."

"ఊరంతా ఒకే పాకెట్టు ఉప్పు తింటున్నాం. ఒకేలా ఉండక ఏమౌతుంది?"

వకుళ ఆలోచించింది. ఆ వారంలోనే ఆవిడ బల్లమీద రెండు శవాలొచ్చాయి. సరేనంది. ఆసిడ్ అంకెలు ఎక్కడో రికార్డులో పడుతూనే ఉంటాయి, కడియం మాత్రం వాటిని చూడదు.

ఇంక చూడండి తమాషా. కొత్తరేవు చల్లబడిపోయింది. గొలుసు తిప్పుతూ వచ్చిన రౌడీ చెయ్యి గాల్లోనే చచ్చుబడి, ఆ గొలుసు వాడి నెత్తిమీదే పడి ఏడు కుట్లు పడ్డాయి. పెళ్ళాన్ని కొట్టబోయినవాడు చేతులు వేలాడేసుకుని నిలబడితే, ఆవిడ స్టూలు వేసుకుని కూచుని పది నిమిషాలూ పుట్టింటి వాళ్ళందరి పేర్లూ పెట్టి తిట్టింది. ఒక ఇంట్లో తాగొచ్చి మీదపడబోయిన మొగుడి చేతులు పడిపోయాక కూడా, భార్య వణుకుతూ రోకలి అందుకుని తల పచ్చడి చేసేసింది. ఆమె కడియం పచ్చగానే ఉంది. "ఆత్మరక్షణ," అని రాసి బోర్డువాళ్ళు ఫైలు మూసేశారు, ఊళ్ళో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పచ్చరంగు గురించి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. వకుళతో సహా.

కడియం వేసుకున్నవాళ్ళ పాత కేసులన్నీ కొట్టేస్తామని సర్కారు ప్రకటించింది. ఇంక ఎవరూ ఎవర్నీ చంపలేరు కదా, జైళ్ళెందుకు అని. పరారీలో ఉన్న దాలయ్య తిరిగొచ్చి కడియాలు తొడిగించుకుని, ఉప్పుమళ్ళ దారినే దర్జాగా పనిలోకి వెళ్ళడం మొదలెట్టాడు. కడియం లేనివాణ్ణి పడవ ఎక్కనివ్వరు కాబట్టి ఎల్లాజీ కూడా తొడిగించుకున్నాడు. మొదటి వారంలో దాలయ్య ఎదురుపడ్డప్పుడల్లా ఎల్లాజీ చేతులు పడిపోయేవి. కొఠార్లపేటవాళ్ళు అటూ ఇటూ నిలబడి, "ఏరా ఎల్లాజీ, సేతులిరిగిన బొమ్మా, దండం ఎట్టడానికి కూడా పనికిరావేటి?" అని నవ్వేవారు.

ఆ వారం చివర్లో ఎల్లాజీ ఇంటికొచ్చి భార్య చిన్నమ్ములు ముందు కంచం బోర్లించాడు.

"ఆడి రగతం సూసీదాకా ఈ ఇంట్లో నాకు ఉప్పొద్దు. సేపొద్దు."

రేవుపేటలో అదొక ఆచారం. పగ పట్టినవాడు ఉప్పు, నీచు మానేస్తాడు. రోజూ చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పగ గుర్తుకు రావాలని. పడవలవాడు చేప మానడమంటే మాటలు కాదు. ఉత్త గంజి, ఉత్త అన్నం, గోంగూర ఉడకబెట్టిన నీళ్ళు. అడిగినవాళ్ళకి చిన్నమ్ములు, "తమ్ముడి దిగులండి," అని చెప్పేది.

కొన్నాళ్ళకి ఎల్లాజీ అంకె దిగడం మొదలైంది. అరవై. ముప్పై. పదకొండు. ఎనిమిది నెలలకి మూడు. దాలయ్య భుజం రాసుకుంటూ వెళ్ళినా మూడే. ఊరంతట్లోకీ అదే తక్కువ. కామేశంగారికి ఆనందం పట్టలేదు.

"తమ్ముణ్ణి చంపినవాణ్ణి క్షమించేశాడమ్మా. ఇంతకంటే రుజువేం కావాలి మన యంత్రానికి? పండగ చేద్దాం. శాంతి విందు. ఎల్లాజీ, దాలయ్య పక్కపక్క పీటల మీద."

రేవులో రాజీ అంటే ఇలా చేస్తారు. పగవాళ్ళు పక్కపక్కన కూచుని, ఒకరి ఆకులో ఒకరు చిటికెడు ఉప్పు వడ్డిస్తారు. అది కలుపుకుని తింటే పగ తీరినట్టు. కబురు తెలిసి ఎల్లాజీ కాదనలేదు. నవ్వాడు కూడానట.

వకుళకి మాత్రం ఆ మూడు అంకె గొంతులో ముల్లులా ఉంది. ఆ పొట్ట ఆవిడకి తెలుసు. మూడు నెలలు కళ్ళారా చూసిన పొట్ట. అది క్షమించే పొట్ట కాదు. రికార్డుల్లో ఎవరూ చూడని ఆసిడ్ కాగితాలు తీయించింది. రోజుకి రెండుసార్లు ఆసిడ్ ఎగిసిపడుతోంది. అన్నం వేళలకి కాదు. ఉదయం ఏడింటికి, సాయంత్రం అయిదింటికి, దాలయ్య ఉప్పుమళ్ళ దారిన వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ.

ఆవిడ అప్పటికప్పుడు రేవుపేట వెళ్ళింది. ఎల్లాజీ వేటకి వెళ్ళాడు. చిన్నమ్ములు గుమ్మంలో వల బాగుచేస్తోంది.

"రండమ్మా. గంజి తాగుతారా?"

వకుళ తాగింది. నోట్లో పోసుకుని ఆగిపోయింది. "ఉప్పు మర్చిపోయారు."

చిన్నమ్ములు వేళ్ళు వలలో ఆగాయి. "అది మా ఇంటాయన కుండలోదమ్మా. సూసుకోనేదు."

"ఆయన ఉప్పు తినరా?"

ఆమె వల ఒళ్ళోకి లాక్కుంది.

"చేప?"

చిన్నమ్ములు తల వంచుకుని ఏడ్చింది. అంతా చెప్పేసింది.

వకుళ గోడకి చేరగిలబడింది. చేప లేని కాలువలో వరద వచ్చినా వలలో ఏం పడుతుంది? రక్తం ఉరుకుతూనే ఉంది. అందులో అయొడైడే లేదు. కడియం దాన్ని శాంతి అనుకుంటోంది.

"విందులో చంపేస్తాడు, కదూ?"

"సేపలు కోసీ కత్తి నూరి ఎట్టుకున్నాడమ్మా. నన్నెవరూ ఆపలేర్రా అని అద్దంలో సూసి సెప్పుకుంటన్నాడు."

"పోలీసులకి చెబితే..."

చిన్నమ్ములు ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "సెప్పకమ్మా. ఆళ్ళు లోపలేసి ఇంక బయటికి రానివ్వరు. ఆడు పోతే నాకెవరూ లేరు. ఏదో ఒకటి నువ్వే సెయ్యి. పొట్ట కుట్టిందానివి, ఇదీ కుట్టు."

వకుళ సంచిలోంచి చిన్న సీసా తీసింది. "అయొడైడ్ చుక్కలు. రుచి ఉండదు, వాసన ఉండదు. విందు రోజు పొద్దున గంజిలో పది చుక్కలు వెయ్యి, ముందే వేస్తే దాలయ్య ఎదురుపడగానే చేతులు పడి కనిపెట్టేస్తాడు. మధ్యాహ్నానికి ఒంట్లోకి ఎక్కేస్తుంది. ఆయన కత్తి ఎత్తినా యంత్రానికి కనిపిస్తాడు. చేతులు పడిపోతాయి. హత్యా జరగదు, శిక్షా ఉండదు."

"ఇది ఉప్పా అమ్మా?"

"ఉప్పు కాదు."

"అయితే ఆడి ఒట్టు సెడదు," అంది చిన్నమ్ములు, సీసా కొంగున ముడేసుకుంటూ. ఏడుపు మొహంతోనే నవ్వింది. "సేతులే గదా పడీది. మనిసి ఉంటాడు."

విందు మంచు ఫ్యాక్టరీ ఆవరణలో, మధ్యాహ్నం. రెండు వందల ఆకులు. కడియాలొచ్చాక ఎవర్నీ తడిమి చూసే అలవాటే పోయింది కాబట్టి ఎల్లాజీ నడుముకి ఏముందో ఎవరూ చూడలేదు. కామేశంగారు శాంతి గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. వకుళ స్తంభం పక్కన, చేతిలో పలకంత తెర పట్టుకుని నిలబడింది. తెరమీద రెండు అంకెలు. ఎల్లాజీ నలభై ఒకటి. మూడు కాదు, నలభై ఒకటి. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్ళ వరసలో ఉన్న చిన్నమ్ములుకి తల ఊపింది.

దాలయ్య అంకె ముప్పై. ఎల్లాజీ వచ్చి పక్కన కూచోగానే పద్ధెనిమిది. వకుళ అది చూసింది. తగ్గింది కదా, మంచిదే అనుకుంది.

"ఎల్లాజీ," అన్నాడు దాలయ్య మెల్లగా, ఆకు వైపే చూస్తూ. "తాగున్నాన్రా ఆ రోజు. సూసుకోనేదు."

"తిరగేసినప్పుడు కూడా సూసుకోనేదా?"

దాలయ్య తల ఇంకా వంచి, ఉప్పు తీసి ఎల్లాజీ ఆకులో వేశాడు. ఇప్పుడు ఎల్లాజీ వంతు. ఉప్పు పిడికెడు తీసుకున్నాడు. దాలయ్య కళ్ళలో కొట్టాడు.

కత్తి బయటికొచ్చింది. అంకె అరవై, ఎనభై రెండు, తొంభై నాలుగు. కడియాలు ఎర్రగా వెలిగాయి. చెయ్యి ఎత్తిన చోట ఒక్క క్షణం ఆగి, చెట్టుకొమ్మ విరిగినట్టు కిందికి వాలిపోయింది. కత్తి దాలయ్య ఆకులో అన్నం మీద పడింది.

ఎల్లాజీకి ఏం జరిగిందో అర్థం కాలేదు. వేలాడుతున్న తన చేతుల్ని ఎవరివో చూసినట్టు చూశాడు. తల తిప్పి చిన్నమ్ములు కోసం వెతికాడు. ఆమె అవతలి వరసలో లేచి నిలబడి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, దేవుడికి దండం పెట్టే మొహంతో నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక అతనికి అర్థమైంది.

"ఏటి కలిపినావే గంజిలో?" అన్నాడు.

అవే ఆఖరి మాటలు. దాలయ్య మొహం పిండిలా ఉంది. ఉప్పుకి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కత్తి అతని చేతికి ఎలా వచ్చిందో అతనికీ తెలీదట, తరవాత చెప్పాడు. మొదటి పోటు పాత మచ్చ మీదే దిగింది. వకుళ రెండుసార్లు కుట్టిన చోటే. పోటు పోటుకీ దాలయ్యే అరుస్తున్నాడు, "ఒగ్గీ, నన్నొగ్గీ," అని, తనని వదిలెయ్యమని. ఎల్లాజీ చేతులు అడ్డం పెట్టుకోలేకపోయాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. అయినా ఆగలేదు. భయపడ్డవాడికి ఎదుటివాడు చచ్చాడన్న నమ్మకం ఎప్పటికీ కలగదు.

ఆపడానికి ఎవరూ రాలేదనుకోకండి. ఎల్లాజీ మేనమామ ఉరికాడు. రేవుపేట కుర్రాళ్ళు ఇరవైమంది ఉరికారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఉరికారు. దాలయ్య వైపువాళ్ళు కూడా, ఇదేం అన్యాయంరా అంటూ ఉరికారు. ఉరికిన ప్రతివాడి కడియం ఎర్రబడింది, ప్రతివాడి చేతులూ పడిపోయాయి. చేతులు లేని మనుషులు ఆకుల మధ్య ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. ఒకడు దాలయ్య పిక్క కొరికాడు పాపం, అంతకంటే ఏమీ చెయ్యలేక. ఆ ఆవరణలో చేతులు పనిచేస్తున్నవాళ్ళు రెండే రకాలు. స్తంభాల వెనక దాక్కున్నవాళ్ళు, దాలయ్య.

వకుళ తెర చూసింది. దాలయ్య, పోటు పొడుస్తూ ఉన్నప్పుడు, ఆరు. పచ్చ. ఆవిడకి ఆస్పత్రిలో నర్సు చెప్పిన రెండో మాట గుర్తొచ్చింది, సున్నం కొట్టిన గోడలాంటి జీర్ణాశయం గుర్తొచ్చింది. ఆ రోజు ఆవిడ రెండూ రాసుకుంది. యంత్రంలో ఒక్కటే పెట్టింది.

విచారణ అరగంటలో ముగిసింది. కడియం అంకెలే సాక్ష్యం అని చట్టం. ఎల్లాజీ తొంభై నాలుగు, దాడికి దిగినవాడు. దాలయ్య ఆరు, హింసాభావం బొత్తిగా లేదు. వదిలేశారు.

వకుళ కామేశంగారి గదికి వెళ్ళింది. "భయాన్ని కూడా పట్టుకునేలా మార్చాలండీ. ఆసిడ్ కూడా తిరిగి పెట్టాలి."

"భయపడ్డవాడి చేతులు పడిపోతే ఊళ్ళో ఎవరి చేతులు ఆడతాయమ్మా? నా చేతులే ఆడవు," అన్నారాయన. "పోనీండి. మీరు రేవుపేట వెళ్తున్నారుగా, ఎల్లాజీ భార్యకి ఈ ఉత్తరం ఇచ్చి చదివి వినిపించండి. చదువు రాదట."

అప్పటికి విందు జరిగి ఏడు నెలలు. చిన్నమ్ములు గుమ్మంలో అదే చోట కూచుని వల బాగుచేస్తోంది. బాగా చిక్కిపోయింది.

"రండమ్మా. గంజి తాగుతారా?"

వకుళ నోట్లో పోసుకుంది. మింగలేదు, ఉమ్మలేదు. లోపలికి చూసింది. పొయ్యి పక్కన ఎండుచేపల బుట్ట బోర్లించి ఉంది. ఉప్పు జాడీ బోర్లించి ఉంది. గూట్లో ఆ చిన్న సీసా, సగానికి పైగా నిండుగానే ఉంది.

చిన్నమ్ములు లేచి సీసా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇది మీదే గదా, అట్టుకుపొండమ్మా. ఈ ఇంట్లో దీంతో పనయిపోయింది."

"చిన్నమ్ములూ..."

"ఆ కాయితం ఏటి?"

వకుళ విప్పి చదివింది. కొత్తరేవులోకెల్లా ప్రశాంతమైన పొట్ట ఈ ఏడు మీదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. భర్తను కోల్పోయినా మీలో పగ లేశమైనా లేదు. రాబోయే శాంతి విందులో మీరు దాలయ్యగారి పక్క పీటమీద కూచుని, ఆయన ఆకులో ఉప్పు వడ్డించాలని మా కోరిక. మీ సమ్మతి తెలియజేయగలరు.

"వత్తానని రాసీండమ్మా," అంది చిన్నమ్ములు. గొంతులో ఏమీ లేదు. కాలువలో నీళ్ళు నిలిచిపోయినట్టు ఉంది.

వకుళ కలం తీసింది. ఈ కాగితం రాసినవాణ్ణి, ఆసిడ్ తీసెయ్యమన్నవాణ్ణి, అందుకు సరేనన్న తనని, ముగ్గుర్నీ కలిపి ఏదో చెయ్యాలనిపించింది. ఏం చెయ్యాలో తేలకముందే కలం జారి వలమీద పడింది. ఆవిడ రెండు కడియాలూ ఎర్రగా వెలుగుతున్నాయి. చేతులు ఒళ్ళో సీసాకి అటొకటి ఇటొకటి పడి ఉన్నాయి. ఆ ఇంట్లో యంత్రానికి దొరికింది దాన్ని కనిపెట్టిన మనిషి ఒక్కర్తే.

"ఉండండమ్మా, మీరు కదలకండి," అంది చిన్నమ్ములు. పొయ్యి దగ్గరికెళ్ళి కుండ అడుగున మసి బొటనవేలికి రాసుకుని, ఆ కాగితం కింద గట్టిగా అద్దింది. నిదానమైన చెయ్యి, ఏ మాత్రం వణకలేదు. ఆ చేతి కడియం పచ్చగా ఉంది. దానిమీద అంకె కనిపిస్తోంది.

రెండు.